తూము అవతలి గడ్డి

రైలు గార్డు పద్మనాభయ్య తెల్లకోటు వీపు మీద ఏడు చిల్లులు పడ్డాయి. ఆయన భార్య కామాక్షమ్మ వరండాలో నిలబడి, ఆ ఏడింటిలోనూ వరసగా వేలు దూర్చి చూపిస్తోంది. మెట్ల కింద హజరత్తయ్య భుజం మీది బట్టలమూట దించకుండానే వింటున్నాడు. దించమని ఆమె అనలేదు. తనంతట తాను దించడానికి అతనికి ధైర్యం చాలలేదు.

"గూడూరు ప్లాట్‌ఫారం మీద పదిమందిలో అడిగినాడంట ఇన్‌స్పెక్టరు, ఏం పద్మనాభయ్యా, వీపుకి గాలాడేదానికి కిటికీలు పెట్టించుకున్నావా అని. ఇంటికొచ్చి ఆయన అన్నం ముట్టలేదు. ఇరవై ఏళ్ళుగా నీకే వేస్తా ఉండాం గదా బట్టలు, ఇదేనా నువ్వు చేసే పని?"

"రాతికేసి బాదితే చిరగాల గానీ ఇట్టా గుండ్రంగా చిల్లు పడదు తల్లీ. నాకూ అర్థం కావటంలా."

"అర్థం కాకపోయేదేముంది? సోడా. తొందరగా తెల్లబడాలని గుప్పెళ్ళకు గుప్పెళ్ళు పోస్తా ఉండావు. ఈ రోజు నుంచి మా కాలనీ బట్టలకు చిటికెడు సోడా వెయ్యకూడదు. వేసినావని తెలిస్తే ఇంక గడప తొక్కవద్దు."

"అట్నేనమ్మా."

అప్పుడే, ఆ బుధవారం ఉదయం డ్యూటీ దిగి ఇంటికి పోతున్న సమాధానం ఆ మాటలు విని ఆగాడు. బిట్రగుంట రైల్వే షెడ్డులో రైలుపెట్టెల కింద వేలాడే బ్యాటరీలను విప్పి, కడిగి, యాసిడ్ పోసి, చార్జి చేసి మళ్ళీ బిగించే ఫిట్టరు అతను. కాలనీలో అందరూ అతన్ని మేస్త్రీ అంటారు. కామాక్షమ్మ మటుకు పేరు పెట్టే పిలుస్తుంది.

"నువ్వు చెప్పు సమాధానం, ఇది సోడా పనే గదా?" అని కోటు అతని చేతికిచ్చింది.

అతను చిల్లు అంచును రెండు వేళ్ళ మధ్య పట్టి నలిపాడు. దారం పొడిపొడిగా రాలింది. అంచు చుట్టూ సన్నటి గోధుమరంగు మరక. పదిహేనేళ్ళుగా తన చొక్కాల మీద, తన లాగుల మీద చూస్తున్న చిల్లే అది. అది యాసిడ్ చిల్లు. సందేహం లేదు. దానితోపాటే ఇంకొకటి తట్టింది. ఈ కోట్లూ దుప్పట్లూ అన్నీ హజరత్తయ్య ఆరేసేది తన ఇంటి వెనక గోడ అవతలి గడ్డి మీద.

"ఏమోనమ్మా" అన్నాడు. "చెప్పలేం."

హజరత్తయ్య అతని మొహంలోకి చూశాడు. బ్యాటరీ మేస్త్రీకి తెలియకపోతే ఇంకెవరికి తెలుస్తుందన్నట్టు చూశాడు. తర్వాత మూటను ఇంకో భుజానికి మార్చుకుని వెళ్ళిపోయాడు.

ఇంటికి వెళ్ళి సమాధానం కాళ్ళు కూడా కడుక్కోలేదు. పెరట్లోకి నడిచాడు. రేకుల వసారా కింద చెక్కబల్ల మీద అతను చేసిన బొమ్మ రైలింజను ఉంది. మూడడుగుల పొడవు. డబ్బారేకు వంచి చేసిన బాయిలరు, ఇత్తడి గొట్టం పొగగూడు, నెల్లూరు పాతసామాన్ల కొట్టులో దొరికిన లారీ అద్దం తుడిచే మోటారు. అసలు ఇంజనులో బొగ్గు ఉండాల్సిన పెట్టెలో, ఇక్కడ మూడు చిన్న ఊరగాయ జాడీలు ఉన్నాయి. అవే దాని బ్యాటరీ. షెడ్డులో పనికిరావని పక్కన పడేసిన సీసం ప్లేట్లను కోసి, జాడీల్లో దించి, యాసిడ్ పోసి తయారుచేశాడు. జాడీలు అతని భార్య ఎలిశబెతువి. నిమ్మకాయ ఊరగాయ కోసం ఆమె వెతుక్కుంటుంటే అతను బల్ల కింద దాచిన సంగతి ఆ ఇంట్లో ఇప్పటికీ మాసిపోలేదు.

ఇంజను చక్కగా పరిగెత్తేది. బాధంతా ప్లేట్లతోనే. పాతవి కావడం వల్ల వారానికల్లా అడుగున బూడిదరంగు బురద దిగి, బ్యాటరీ చచ్చిపోయేది. అందుకని మూడు నెలలుగా ప్రతి ఆదివారం గుడిలో ప్రార్థన ముగిసి ఇంటికి రాగానే పాత యాసిడ్, బురద అంతా పెరటి తూములో ఒంపేవాడు. పైన రెండు బకెట్ల నీళ్ళు పోసేవాడు. నీళ్ళలో కలిశాక ఇంకేం బలం ఉంటుందిలే అనుకునేవాడు.

తలుపుచెక్క తీసి గోడ అవతలికి వెళ్ళాడు. చైత్రం ఎండలకు కాలనీ అంతా గడ్డి పేరుకి కూడా లేదు. ఇక్కడ మటుకు, తమ స్నానాల నీళ్ళు పారినంత మేర గరిక పచ్చగా ఉంటుంది. అందుకే హజరత్తయ్య తెల్లబట్టలకి ఈ జాగా ఎంచుకున్నాడు. తెల్లబట్ట పచ్చగడ్డి మీద ఆరితే వచ్చే తెలుపు తాడు మీద ఆరితే రాదు. సమాధానం వంగి చూశాడు. తూము నోటి దగ్గర గరిక వేళ్ళతో సహా తెల్లగా చచ్చిపోయి ఉంది. అక్కడి నుంచి అవతలి పచ్చదనంలోకి పసుపు చారలు పాకాయి.

షెడ్డులో తన చేతికింద కొత్తగా చేరిన ప్రతి ఖలాసీకీ అతను మొదటిరోజే చెప్పే పాఠం ఒకటుంది. యాసిడ్‌లో నీళ్ళు పోయకూడదు, అది చిమ్ముతుంది, నీళ్ళలోనే యాసిడ్ పోయాలి. పాత యాసిడ్ నేలమీద పోయకూడదు, యాసిడ్‌ని విరిచే సున్నపు గుంటలోనే పోయాలి. ఒంటిమీద చుక్క పడితే పల్చనిదే గదా అని ఊరుకోకూడదు. నీళ్ళు ఆరతాయి, యాసిడ్ ఆరదు. నీళ్ళు ఆరేకొద్దీ అది చిక్కబడతుంది, బట్టను తింటుంది, ఉతికినప్పుడు గానీ ఆ సంగతి బయటపడదు. ఇదంతా అతను బట్టీపట్టిన పద్యంలా అప్పజెప్పేవాడు. షెడ్డులో రబ్బరు తొడుగులు లేకుండా బ్యాటరీ సెల్లు ముట్టని మనిషి, ఇంటికొచ్చి లుంగీ ఎగ్గట్టి తూములో ఒంపాడు. ఇల్లు గదా, ఆట గదా అనుకున్నాడు.

"ఏంది గడ్డిలో వెతుకుతుండావు?" అంది ఎలిశబెతు గోడ మీంచి.

"మన బట్టల్లో చిల్లులు పడినాయా ఈ మధ్య?"

"నీ బట్టల్లో చిల్లులు లేందెప్పుడు? నీతో కాపరానికొచ్చి పన్నెండేళ్ళు, చిల్లు లేని బనీను చూసి ఎరగను."

అందుకే ఈ ఇంటి నుంచి హజరత్తయ్య మీద ఎవరూ నేరం చెప్పలేదు. సమాధానం అన్నం దగ్గర కూర్చుని విషయం భార్యకు చెప్పాడు. ఆమె గరిట పట్టుకుని అట్లాగే నిలబడింది.

"అయితే పోయి చెప్పు."

"ఆదివారం రైల్వే ఇన్‌స్టిట్యూట్ వార్షికోత్సవం. బెజవాడ నుంచి ఆఫీసరు వస్తాడు. ఇంజను ఆయన ముందర నడపాల. ఇప్పుడు నోరు తెరిస్తే ఆ ప్లేట్లు యాడివని అడగతారు. అవి తూకం వేసి స్టోర్సుకి పంపాల్సినవి. ఫోర్‌మన్ గారు తీసుకో అన్నది నోటిమాట. నా ఉద్యోగమే గాక ఆయన ఉద్యోగం మీదికీ వస్తాది."

"మరి ఆ మనిషి?"

"ఇంక పొయ్యను గదా. పొయ్యకపోతే చిల్లులు వాటంతట అవే నిలిచిపోతాయి. సోమవారం పొద్దున నేనే పోయి చెప్తా. నాలుగు రోజులు."

ఎలిశబెతు వాదించి ఉంటే అతను కూడా వాదించి గెలిచేవాడు. ఆమె కంచంలో పులుసు పోసి లోపలికి వెళ్ళింది, అతనికి పులుసు సయించలేదు.

శుక్రవారం మధ్యాహ్నం బ్యాటరీగదిలో ఒక ఖలాసీ సెల్లు వంచబోయి లాగు మీద యాసిడ్ చిమ్ముకున్నాడు. "బకెట్టు, బకెట్టు" అన్నాడు సమాధానం. తలుపు పక్కన ఎప్పుడూ ఒక బకెట్టు సిద్ధంగా ఉంటుంది. అందులో ఉండేది సోడా నీళ్ళు. ఖలాసీ మోకాలి మీద పోస్తే బుసబుసమని నురగ వచ్చి ఆగిపోయింది. "సోడా యాసిడ్‌ని చంపతాది" అని మామూలుగా చెప్పబోయాడు సమాధానం. మాట సగంలో ఉండగానే బకెట్టు వైపు తిరిగి చూశాడు.

ఆ బకెట్టులో ఉన్నది బట్టల సోడా. హజరత్తయ్య గుప్పెళ్ళతో వేస్తున్నాడని కామాక్షమ్మ తిట్టిన సోడా. మూడు నెలలుగా కాలనీ బట్టలు ఆ మాత్రం దక్కాయంటే, బట్టలో మిగిలిన ఆ సోడానే దక్కించింది. బుధవారం నుంచి అతను చిటికెడు కూడా వెయ్యడం లేదు. వెయ్యవద్దన్నప్పుడు పక్కనే నిలబడి, చెప్పలేం అన్నది తాను.

సాయంత్రం నాలుగింటికి డ్యూటీ దిగి తిన్నగా నీళ్ళట్యాంకు దగ్గరికి వెళ్ళాడు. ఇంజన్లకు నీళ్ళు పట్టే గొట్టం నుంచి కారే నీళ్ళు అక్కడ ఒక సిమెంటు తొట్టిలో నిండుతాయి, హజరత్తయ్య ఉతికేది అక్కడే. అతను లేడు. అతని భార్య పేరమ్మ ఒక్కతే బండ దగ్గర కూర్చుని దుప్పటి పిండుతోంది. పైట చెంగు తల మీదుగా ముందుకు లాక్కుని ఉంది. పక్కన తడిబట్టల కుప్పలో చిల్లులు కంటికి ఎదురుగా కనిపిస్తున్నాయి. బుధవారం కంటే ఎక్కువ.

"హజరత్తయ్యన్న యాడ?"

"కాలనీకి పోయినాడు. పిలిపించినారు." తల ఎత్తినప్పుడు చెంగు జారింది. ఎడమకన్ను చుట్టూ నల్లగా వాచి ఉంది.

"ఏందది పేరమ్మక్కా?"

"జారి పడినా" అని ఆమె చెంగు మళ్ళీ లాక్కుంది. దుప్పటి విదిలిస్తుంటే ఆమె అరికాళ్ళు కనిపించాయి. పగిలి, ఎర్రగా చెక్కులు లేచి ఉన్నాయి. నీళ్ళలో నానే కాళ్ళు గదా అనుకున్నాడు సమాధానం. అనుకోవడం సులువుగా ఉంది.

కాలనీ మొగదాల హజరత్తయ్య ఎదురొచ్చాడు. భుజం మీద మూట లేదు.

"ఉత్త చేతులతో పంపించేసినారు మేస్త్రీ" అన్నాడు. "సోమవారం నుంచి కావలి నుంచి లాండ్రీవాడు సైకిలు మీద వచ్చి పట్టుకపోతాడంట. నలభై ఇళ్ళూ. సోడా మానేసినా గదా తల్లీ అంటే, మానేసినాక కూడా పడినాయంటే నీ చెయ్యే మంచిది కాదు పొమ్మన్నారు."

అతని గొంతులో కోపం లేదు. చేతులు ముందుకు చాపి, తిప్పి తిప్పి చూసుకున్నాడు, నిజంగానే వాటికేమైనా అయిందేమోనన్నట్టు. సమాధానానికి అప్పుడే చెప్పేయాలనిపించింది. కానీ ఈయనకు చెప్పి ఏం లాభం, చెప్పాల్సింది కామాక్షమ్మకు గదా అనుకున్నాడు.

శనివారం పొద్దున తన తెల్లటి చేతిగుడ్డ ఒకటి, సీసాలో నాలుగు చుక్కల పాత యాసిడ్ పట్టుకుని పద్మనాభయ్య వరండా ఎక్కాడు. పద్మనాభయ్య పడక్కుర్చీలో ఉన్నాడు. తలుపు దగ్గర కామాక్షమ్మ. సమాధానం నిలబడే చెప్పాడు. తూము, ఆదివారాలు, జాడీలు, ఏదీ దాచలేదు.

కామాక్షమ్మ నమ్మలేదు. "వాడు నీ కాళ్ళ మీద పడి ఉంటాడు. నువ్వేమో మెత్తని మనిషివి. యాసిడ్ పడితే అప్పుడే కాలదా? బట్టలు ఉతికేదానికి పోయేదాకా బాగానే ఉంటాయి, ఉతికినాకనే చిల్లులు."

"అదే నేను చెప్పేదమ్మా" అని సమాధానం గుడ్డను నీళ్ళలో తడిపి, సీసాలోంచి ఒక మూలన రెండు చుక్కలు వేశాడు. గుడ్డకేమీ కాలేదు. వరండా కమ్మీ మీద ఎండలో ఆరేశాడు. "రేపు మీరే మీ చేత్తో ఉతకండి. సోడా వద్దు, సబ్బు వద్దు. ఉత్త నీళ్ళతో."

"ఏందే ఇది, పాఠాలు నేర్చుకునే వయసా మనది" అన్నాడు పద్మనాభయ్య. కానీ ఆ రోజంతా ఆ గుడ్డను కమ్మీ మీంచి ఎవరినీ తియ్యనివ్వలేదట.

ఆదివారం గుడి వదిలేసరికి కామాక్షమ్మ గుడి గేటు బయట నిలబడి ఉంది. ఆమె అటువైపు ఎన్నడూ వచ్చింది లేదు. చేతిలో తడిగుడ్డ. దాన్ని ఎండకు ఎత్తి పట్టుకుంది. మూలన రెండు గుండ్రటి చిల్లులు, పొడిగా, అంచున గోధుమరంగు. ఆమె కోపం అంతా సమాధానం మీదికి తిరుగుతుందని అతను సిద్ధపడ్డాడు.

"బుధవారం అడిగినా గదా నిన్ను" అంది. అంతే అంది. గుడ్డ అతని చేతిలో పెట్టి వెళ్ళిపోయింది.

గుడిలో ముందువరసలో కూర్చునే ఫోర్‌మన్ సంజీవరావు గారు అదంతా చూస్తూనే ఉన్నారు. సమాధానం చెప్పింది ఆసాంతం విని, కళ్ళద్దాలు తీసి తుడుచుకున్నారు.

"ప్లేట్లు తీసుకోమని చెప్పింది నేనే. ఆ యాసిడ్ ఎక్కడ పారబోస్తావని అడగాల్సింది కూడా నేనే, అడగలా. ఇప్పుడే జాడీలన్నీ షెడ్డుకి తీసుకురా. యాసిడ్ సున్నపు గుంటలో, ప్లేట్లు తూకానికి. జాడీలు పగలగొట్టి పారెయ్, కడిగినా గానీ మళ్ళీ వంటింట్లోకి పోకూడదు. రేపు నీకు మెమో వస్తాది. నాకూ వస్తాది."

"ఇంజను సార్?"

"ఇంజనుకేం, పెట్టు. నిలబెట్టు."

సాయంత్రం ఇన్‌స్టిట్యూట్ హాలులో ఇంజను పట్టాల మీద నిలబడే ఉంది. పిల్లలు పొగగూడు ముట్టుకుని చూశారు. ఆఫీసరు వంగి, చక్రాల కడ్డీలను వేలితో కదిలించి, "నడుస్తుందా?" అని అడిగాడు. "నడస్తాది సార్. బ్యాటరీ లేదు" అన్నాడు సమాధానం. ఆఫీసరు అతని భుజం తట్టి పక్కబల్ల మీది కుట్టుపనుల దగ్గరికి వెళ్ళాడు. మూడు నెలల కష్టం, అర నిమిషం. బాధ కలగలేదంటే అబద్ధం. కానీ ఆ బాధలో ఒక గర్వం కూడా ఉంది. ఉన్నదంతా వదులుకుని నిజం చెప్పానన్న గర్వం. హజరత్తయ్యకు ఈపాటికి కబురు అంది ఉంటుంది, నలభై ఇళ్ళూ మళ్ళీ అతనివే. ఎదురొచ్చి రెండు చేతులూ పట్టుకుంటాడనుకున్నాడు. మనిషన్నాక అట్లానే అనుకుంటాడు.

పొద్దు ఇంకా ఉండగానే సైకిలు వెనక అరబస్తా సున్నం, హ్యాండిలుకు షెడ్డు రబ్బరు బూట్లు తగిలించుకుని ఇంటి వెనక గడ్డి దగ్గరికి వెళ్ళాడు. హజరత్తయ్య అక్కడే గోడకు ఆనుకుని గొంతుకూర్చుని ఉన్నాడు. కాస్త దూరంలో పేరమ్మ, గడ్డి మీంచి ఎండిన దుప్పట్లు ఎత్తి మడతలు పెడుతోంది.

"కామాక్షమ్మ గారు మనిషిని పంపించినారు" అన్నాడు హజరత్తయ్య. "అంతా చెప్పినావంట గదా."

"నాదే తప్పన్నా. గడ్డిలో సున్నం వేస్తా. రెండు వానలు పడేదాకా ఇక్కడ ఆరెయ్యబాక."

హజరత్తయ్య తలూపాడు. సంతోషం లేదు, కోపం లేదు.

"నీకు ఎప్పుడు తెలిసింది మేస్త్రీ?"

సమాధానం అబద్ధం చెప్పవచ్చు. శుక్రవారం అనవచ్చు.

"బుధవారం. ఆమె కోటు నా చేతికిచ్చినప్పుడే."

హజరత్తయ్య కుడిచేతిని ఎడమచేత్తో పట్టుకున్నాడు.

"నేను దాన్ని కొట్టింది గురువారం" అన్నాడు.

ఇద్దరూ పేరమ్మ వైపు చూడలేకపోయారు.

"సోడా వెయ్యబాక అని చెప్పినా ఎనకాల్నించి వేస్తుండావా అని అడిగినా. లేదనింది. మరి చిల్లులెట్టా పడతాయని కొట్టినా. ఇరవై ఆరేళ్ళలో దాని మీద చెయ్యెత్తి ఎరగను. ఆ జాగాలో ఆరెయ్యొద్దు, గడ్డి చస్తా ఉంది, నా కాళ్ళు మండతా ఉండాయని నెలనుంచీ మొత్తుకుంటానే ఉండాది. పని ఎగ్గొట్టేదానికి చెప్తుందనుకున్నా."

సమాధానం సైకిలు గోడకు ఆనించాడు. ఒక్క రోజు ముందు, ఒక్క మాట. బుధవారం సాయంత్రం వచ్చి చెప్పి ఉంటే ఆ కన్ను అట్లా ఉండేది కాదు. ఇంజను నిలబెట్టినంత మాత్రాన, మెమో పుచ్చుకున్నంత మాత్రాన అది మానేది కాదు. ఇందాకటి గర్వం ఎక్కడ పెట్టుకోవాలో అతనికి తెలియలేదు. ఈ మూడు నెలల్లో తూము అవతల ఏం జరుగుతున్నదో కనిపెట్టింది ఒకే ఒక్క మనిషి. ఆమెను అడిగింది ఎవరూ లేరు.

అతను బూట్లు తీసి పేరమ్మ దగ్గరికి వెళ్ళి ముందు పెట్టాడు. "వేసుకో అక్కా. గడ్డిలోకి ఉత్త కాళ్ళతో దిగబాక."

ఆమె మడత పెడుతున్న దుప్పటిని మూటలో పెట్టి, బూట్ల వైపు చూసింది. తొడుక్కోలేదు.

"యాడెక్కడ పోసినావు?" అంది.

"తూములోనే. అక్కడ, ఆ నోటి దగ్గర తెల్లగా ఉంది చూడు. దాని చుట్టూ."

"అక్కడొక్కటేనా?"

"అంతే అక్కా."

"అంతే అనుకుంటుండావు" అంది పేరమ్మ. లేచి, చెంగు నడుముకు దోపుకుని, గడ్డిలోకి నడిచింది. పచ్చగా, ఏ తేడా కనిపించని చోట ఆగి, అరికాలు నెమ్మదిగా ఆనించింది. మొహం చిట్లించింది.

"ఇక్కడ వెయ్యి."

హజరత్తయ్య లేచి బస్తా పట్టబోయాడు. ఆమె అతని వైపు తిరగలేదు. అతను మళ్ళీ గోడ దగ్గరే నిలబడిపోయాడు.

సమాధానం బస్తా మూతి విప్పి, గుప్పెడు సున్నం ఆమె చూపిన చోట చల్లాడు. ఆమె ఇంకో నాలుగడుగులు వేసి మళ్ళీ ఆగింది. అతను వంగి అక్కడా చల్లాడు. ఆమె కాలు ఆపిన చోటల్లా సున్నం చల్లుకుంటూ, గడ్డి చివరిదాకా ఆమె వెనకే నడిచాడు.